నీటిచుక్క పరీక్ష

గురువారం గృహప్రవేశం అంటాడు ధనంజయులు సారు.
చెక్క ఏమీ అనదు.

జీవకోనలో కొండకు వీపు ఆనించినట్టుండే ఇల్లు.
మేడమీద ఆరుబయట ఇరవై అడుగుల చెక్క నేల,
డెక్కు అంటారంట దాన్ని. మా నోటికి అది అరుగే.
ఓడెక్కొచ్చి కృష్ణపట్నంలో దిగి
రేణిగుంట రోడ్డు డిపోలో మూడు నెలలు పడుండిన పైను చెక్క,
ఇంకా పచ్చివాసన పోలేదు.

చెంబులో వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు చిలకరించినా.
చుక్కలు అట్నే గుండ్రంగా కూర్చున్నాయి
బస్సు కోసం కూర్చున్నోళ్ళ మాదిరి. ఇంకలా.
"ఇంకా కాలేదు సారూ" అన్నా.
కోత మిషను కొత్త చెక్కకు ఒక మెరుపు పెట్టి పంపుతుంది,
చూసేదానికి బాగుంటుంది,
లోపలికి మాత్రం దేన్నీ రానీదు.

నీళ్ళు తాగని చెక్క రంగు తాగదు.
ఇది మా నాయన గంగులప్ప మాట.
ఆయన వేళ్ళకు గీతలు ఉండేవి కావు,
గరుకు కాయితం తినేసింది.
బ్యాంకు మిషను మీద వేలిముద్ర పడక
పింఛనుకు పోయి మూడుసార్లు ఉత్త చేతుల్తో తిరిగొచ్చినాడు.
నాలుగోసారి పోలేదు.

ఎనభై నంబరు కాయితం.
మోకాళ్ళ కింద గోనెసంచి.
నార ఎట్లా పోతే చెయ్యి అట్లా పోవాల,
అడ్డం పోతే ఆ గీత ఇప్పుడు కనపడదు,
రంగు పడినాక లేచొచ్చి సాక్ష్యం చెప్తాది.
రెండు పగళ్ళు.
రాత్రి మా పాప నా కొంగు మూచూసి
"బిస్కట్టు వాసనొస్తాండావు మా" అనింది.

మూడోనాడు మళ్ళా చుక్కలు.
పడీ పడకముందే నల్లంగా ఇంకిపోయినాయి.
ఇప్పుడు దప్పికయింది దానికి.

సారు రంగుల కార్డు తెచ్చి వేలు పెట్టినాడు:
ఎర్రచందనం.
వెనకాల కొండ. కొండలో ఆ చెట్లే.
చెట్టు మీద చెయ్యేస్తే జైలు,
డబ్బాలో అయితే నాలుగు వేలు, బిల్లు కూడా ఇస్తారు.
"ఈ ఎండకు ఎరుపు నిలబడదు సారూ, తేనెరంగు తీసుకోండి" అన్నా.
అది నిజమే. అంతా నిజం కాదు.
మా చిన్నాయన కొడుకు మొగిలికి రెండేండ్లు పోయినాయి ఆ చెట్టు కింద.
ఆ పేరు మా ఇండ్లల్లో ఎవురూ ఎత్తరు.
సారు కార్డును దూరంగా పట్టుకుని, దగ్గరికి పట్టుకుని,
ఎరుపే కావాలన్నాడు.
సరే. డబ్బు ఆయనది, ఎండ దేవుడిది.

గోడ దగ్గర మొదలుపెట్టి మెట్ల దిక్కుకు వెనక్కి వెనక్కి జరగాల,
లేకుంటే మన పనిలో మనమే చిక్కుకుంటాం.
పలక చివర్లలో జాస్తి పుయ్యాల, నీళ్ళు దొంగగా దూరేది అక్కడే.
చెక్క తాగినంత తాగుతుంది.
మిగిలింది పైన నిలబడకముందే గుడ్డతో తుడిచెయ్యాల,
వదిలేస్తే బంకై కాళ్ళు పట్టుకుంటాది.
ఒకచోట కణుపు మాత్రం ఎంత పూసినా తాగలా.
వదిలేసినా దాన్ని.

గురువారం కింద పాలు పొంగినాయి.
పైకి ఎవుర్నీ పోనీకుండా తాడు కట్టినాం.
"ఇదంతా పూసింది మీరేనా?" అని చుట్టమొకామె మెట్ల మీదనుంచి అడిగింది,
జవాబు వినకుండానే దిగిపోయింది.

తుడిచిన గుడ్డల్ని ముద్దగా మూలకు వెయ్యకూడదు.
అవిసె నూనె తాగినవి, రాత్రికి లోపల్లోపలే కాగి
వాటంతట అవే అంటుకుంటాయి.
మా అన్నదమ్ముల మాదిరి.
ఒక్కోదాన్ని విడదీసి పిట్టగోడ మీద ఆరేసినా, ఏడు గుడ్డలు,
ఒక్కోదాని మీద ఒక్కో రాయి.

చేతులు కిరసనాయిలుతో కడిగినా పోలా.
షేరు ఆటోలో పక్కనామె నా అరచేతులు చూసి
"భలే పండింది, ఇంట్లో రుబ్బిన గోరింటాకేనా?" అనింది.

ఊ అన్నా.